అబ్బా మీద పాలరాయి

పూర్ణా మార్కెట్ వెనక సందుల్లో తాపీ మేస్త్రీ అంటే జమీరే. ఎవరింట చావైనా సమాధికి సిమెంటు పని అతనిదే. అన్నిటికంటే అందంగా కట్టింది మాత్రం వాళ్ళ నాన్నది, అబ్బాది. నాలుగు వైపులా పాలరాయి, తలవైపు పేరు. అది చూసుకుంటే జమీర్ ఛాతీ ఉప్పొంగిపోయేది.

ఒకర్ని చూసి ఒకరు కట్టేసుకుంటే ఏటవుతాది? ఖబరస్తాన్ నిండిపోయింది. మట్టి సమాధి కొన్నేళ్ళకు నేలలో కలిసిపోతుంది, అక్కడే ఇంకొకరిని పడుకోబెట్టొచ్చు. పెద్దల పద్ధతి అదే. సిమెంటు కలుస్తుందా? చివరికి మసీదు కమిటీవాళ్ళు కొత్త ఖబరస్తాన్ కోసం సబ్బవరంలో తాతబాబు కౌలుకి చేసే వంగతోటను బేరమాడారు.

ఆ కబురు వినగానే జమీర్ తల్లి షబానా అన్నం ముందునుంచి లేచిపోయింది.

"ఆ తోట వంకాయలే కదా మనం తింటన్నాం! సచ్చినోళ్ళకి రాళ్ళు కావాలని బతికున్నోళ్ళ కూడు తవ్వేత్తారేటి? ముందు మీ అబ్బా మీద రాయి తియ్యి బేటా."

"నా సేతుల్తో కట్టినాను అమ్మీ!"

"ఆ సేతుల్తోనే తియ్యి."

ఏం గుండె ఆ తల్లిది! మొగుడి పేరున్న రాయి అది. జమీర్‌కి కోపం, ఏడుపు కలిసొచ్చాయి. కొన్నాళ్ళు ఆమెతో మాటే మానేశాడు. పాపం, ముసిల్ది అబ్బా ఉన్న చోటే తనకీ కావాలంటోందేమో అని తోచాక మెత్తబడ్డాడు. శుక్రవారం నమాజవగానే సమ్మెట పట్టుకెళ్ళాడు. పొద్దుగూకేసరికి మట్టి తేలింది.

"నువ్వు నూరేళ్ళు బతకాలి అమ్మీ. ఆ చోటు మాత్రం నీదే."

"నాదేటి? నాకోసం అట్టేపెడితే మళ్ళీ రాయి కట్టినట్టే కదరా. ఎవులు ముందు పోతే ఆలది."



ముందు పోయింది ఆసిమ్. మార్కెట్‌లో మూటలు మోసే మనిషి, నా అన్నవాళ్ళు లేరు. పాతికేళ్ళుగా అబ్బా పడుకున్న చోటే తవ్వి, జమీర్ అతన్ని దించి మట్టి వేశాడు. తాపీ మాత్రం తీసుకెళ్ళలేదు.

ఊరికే ఉంటారా జనం? ముక్కున వేలేసుకున్నవాళ్ళే ఒక్కొక్కరూ వచ్చి, "మాదీ తీసెయ్ జమీర్ భాయ్" అన్నారు. సబ్బవరం బేరం ఆగిపోయింది. తాతబాబు బుట్టెడు వంకాయలు పంపాడు.

ఆ కూరే వడ్డిస్తోంది షబానా. జమీర్ కంచంలో చెయ్యి ఆపాడు.

"అబ్బా చోటుకి ఆసిమ్ ఎళ్ళిపోయాడు. మరి నీ చోటేది అమ్మీ?"

"నువ్వు కట్టినవి ఇంకా బోల్డున్నాయి కదరా," అంది షబానా, ఇంకో వంకాయ వేస్తూ. "తీత్తా ఉండు. నాకూ దొరుకుతాది."