టైరు కింద పాలిపోయిన గడ్డి

ఆ గడ్డి మైదానంలో చిన్న చిన్న విమానాలు దిగుతాయి. దాన్ని చూసుకునే పెద్దాయనకి రోజూ పొద్దున్నే ఒకటే పని. చెప్పులు విడిచి, ఈ చివర్నుంచి ఆ చివరిదాకా నడుస్తూ, పది అడుగులకోసారి మడమతో నేలని గట్టిగా పొడుస్తాడు. నేల గట్టిదైతే ఆ అదురు నడుం దాకా తెలుస్తుంది. మెత్తబడితే ఏమీ తెలీదు. ఆ ఏమీ తెలీకపోవడమంటేనే ఆయనకి భయం.

ఆ రోజు షెడ్డు వైపు చివర్లో మడమ వేస్తే ఏమీ తెలీలేదు. పక్కన వేశాడు. అక్కడా అంతే. పైన చూస్తే గడ్డి దువ్విన తలలా నున్నగా ఉంది. కింద పాత నీళ్ళ గొట్టం ఎప్పుడు పగిలిందో ఏమో, మన్నుని కొంచెం కొంచెంగా తినేసింది. విమానం చక్రం అక్కడ పడిందంటే ముక్కు నేలకి కొట్టుకుని పల్టీ కొట్టాల్సిందే.

మధ్యాహ్నం కూతురు వస్తోంది. నేర్పే మాస్టారు పక్కన లేకుండా, అవతలి మైదానం నుంచి మొదటిసారి ఒక్కతే నడుపుకుంటూ వస్తోంది. ఇవాళ వద్దమ్మా అని ఫోన్ చేద్దామనుకున్నాడు. ఎన్నాళ్ళ నుంచి ఎదురు చూస్తోందో పిచ్చిపిల్ల! నోరు రాలేదు. అందుకని, దిగే దారి ఎక్కడ మొదలో చూపించే రెండు తెల్ల టైర్లనీ దొర్లించుకుంటూ పోయి నూటయాభై అడుగులు లోపలికి పెట్టాడు. అక్కడ రేడియో గీడియో ఏం లేవు. పైనుంచి వచ్చేవాళ్ళు ఆ టైర్లని చూసి, అవి దాటగానే చక్రాలు ఆనిస్తారు.

ఈ సంగతి బామ్మర్దికి చెప్పాలి. గడ్డి కోసే బండి తోలేది వాడే. కానీ బ్లేడుకి సాన పట్టలేదని ముందురోజే ఇద్దరూ వాదులాడుకుని మూతులు ముడుచుకున్నారు. వాడే వచ్చి పలకరిస్తాడులే అనుకుని పెద్దాయన షెడ్డులో కాస్త నడుం వాల్చాడు.

లేచి బయటికొచ్చేసరికి గడ్డంతా కోసేసి ఉంది. బామ్మర్ది చెమట తుడుచుకుంటున్నాడు.

"చూశావా బావా, నువ్వు తిట్టిన బ్లేడే! మేనకోడలొస్తోందని కోశాను, నీ మొహం చూసి కాదు."

పెద్దాయన టైర్ల కేసి చూశాడు. రెండూ ఎప్పటి చోటే, షెడ్డు చివర్లో.

"అవెవడు జరిపాడ్రా?"

"నేనే. కోతకి అడ్డమని తీసి మళ్ళీ పెట్టాను. నువ్వు పెట్టినచోట కింద గడ్డి పచ్చగా ఉంది బావా. టైరు చోటంటే గడ్డి పాలిపోయి ఉండాలి కదా? షెడ్డు చివర అలాంటి గుండ్రాలు చూసుకుని కొలిచినట్టు పెట్టాను. తప్పా?"

తప్పు కాదు. ఏళ్ళ తరబడి ఆయన నేర్పిన పద్ధతే.

"అక్కడ కింద అంతా గుల్లరా!" అన్నాడు. అంతలోనే దూరంగా ఇంజను చప్పుడు.

పరిగెత్తాడు. గుల్ల నేల దగ్గరకి చేరి, చొక్కా విప్పి తల మీద తిప్పాడు. విమానం కిందకంటా వచ్చి, గుర్రుమని లేచి నెత్తి మీంచి పోయింది. ముందద్దంలోంచి కూతురి మొహం కనబడింది. నవ్వుతోంది. రెక్కలు అటూ ఇటూ ఊపింది.

"నువ్వు సంబరపడి గెంతుతున్నావనుకుంది బావా!" వెనకే పరిగెత్తుకొచ్చిన బామ్మర్ది అన్నాడు.

"టైర్లు లాగరా ముందు!"

బామ్మర్ది ఒక టైరు ఎత్తి దొర్లించుకుంటూ పరిగెత్తాడు. రెండోదాని కోసం పెద్దాయన అడుగు వేశాడు. కోత బండి బరువుకి అప్పటికే వదులైందేమో, కాళ్ళ కింద నేల చప్పుడన్నా లేకుండా దిగిపోయింది. నడుం దాకా కూరుకుపోయాడు.

"అయ్యో బావా! చెయ్యివ్వు!"

"నన్నొదిలెయ్. నేనిక్కడుంటే దిగదు. నువ్వు టైరు చూడు, టైరు!"

అన్నాడే గానీ, నడుం దాకా దిగినవాడు పైనుంచి ఎంత కనిపిస్తాడు? మహా అయితే ఓ టైరంత.

విమానం చుట్టు తిరిగి, ముక్కు తిన్నగా ఆయన మీదకే పెట్టుకుంది. ఆయన చొక్కా ఎత్తి పట్టుకున్నాడు. గాలి లేదు, అది చేతికి అంటుకుపోయి వేలాడింది.

ఇంజను చప్పుడు తగ్గింది. దిగేముందు తగ్గించాలని మాస్టారు చెప్పాడు. చెప్పింది చెప్పినట్టు చేసే పిల్ల అది.