ఒక్క చూపులో గుర్తుపట్టిన మనిషి

పొద్దున్నే యూనివర్సిటీ రోడ్డు మీద నడిచే ఆ ముగ్గురు ఆడవాళ్ళు ఇన్నేళ్ళలో తగ్గించుకున్న బరువు తక్కువ, వేసిన ఉరిశిక్షలు ఎక్కువ. టీవీలో ఏ హంతకుడు కనబడినా భాగ్య తాడు పట్టుకొచ్చేది, అరుంధతి విప్పేది, ముడి సరిగ్గా పడిందో లేదో శైలజ చూసేది.

ఈసారి హంతకుడు టీవీలోవాడు కాదు. తార్నాకలో శైలజ ఎదురింట్లో ఒంటరిగా ఉండే అమృతమ్మను ఎవరో గొంతు పిసికి చంపారు. అంతకుముందు వారం ఆ ఇంటికి రంగులు వేసిన దిలీప్‌ను పోలీసులు పట్టుకున్నారు. ఆ సాయంత్రం అమృతమ్మ గేటు దాటి పోయిన మనిషిని బాల్కనీలోంచి చూసింది శైలజ ఒక్కతే. జైల్లో వరసగా నిలబెట్టినవాళ్ళలో దిలీప్‌ను ఒక్క చూపులో గుర్తుపట్టింది కూడా. ఇవాళ కోర్టులో ఆ మాటే చెప్పాలి.

"ఉరే పడతది అక్కా. నీ ఒక్క మాట సాలు," అంది భాగ్య హుషారుగా.

"ప్రాణం తీసే హక్కు ప్రభుత్వానికెక్కడిదండీ?" అంది అరుంధతి. కాకినాడ కాలేజీలో వక్తృత్వానికి కప్పులు గెలిచిన మనిషి. "పొరపాటని తేలితే తిరిగిస్తారా?"

"పొరపాటెట్లయితది? అక్క కండ్లార చూసె!"

శైలజ ఆగిపోయింది. చెట్ల కింద మంచు ఇంకా విడలేదు. ముందు ఎవరో నడుస్తున్నాడు.

"నేను చూసింది వీపు," అంది.

"మరి జైల్ల ఎట్ల గుర్తువట్టినవ్?"

"పట్టుకున్ననాడే వాని ఫోటో మన కాలనీ గ్రూపుల రాలే? అందరికి పంపింది నేనే. ఆ వరసల నాకు తెలిసిన మొహం అదొక్కటే ఉండె."

ఎక్కడో నెమలి అరిచింది. ముగ్గురూ ఉలిక్కిపడ్డారు.

"కోర్టుల గిదే చెప్త," అంది శైలజ.

"అంటే... చంపినోడు గీడనే తిరుగుతున్నడా?"

ముగ్గురి చూపూ ముందున్న వీపు మీద పడింది. ఎక్కడో చూసినట్టే అనిపించింది శైలజకు. ఈమధ్య ఆమెకు అన్ని వీపులూ అలాగే అనిపిస్తున్నాయి.

అరుంధతి శాలువా బిగించుకుంది. "శైలజ గారూ, మావారు సగం నెల క్యాంపుల్లోనే ఉంటారు. వాడు దొరికాడన్నాకే నాకు నిద్ర పడుతోంది. ముందు చెప్పిందే చెప్పేయండి. ఉరి ఎలాగూ పై కోర్టులో తగ్గిస్తారు."

"తగ్గించి?"

"జీవితాంతం లోపలుంటాడు. అంతేగా."

ఉరి వద్దన్న మనిషి దగ్గర ఇంత దయ ఉంటుందని శైలజ అనుకోలేదు.

"నేను చూసింది వీపే," అంది మళ్ళీ.

భాగ్య అరుంధతి చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ వెనక్కి తిరిగారు. నాలుగడుగులు వేశాక భాగ్య ఆగింది.

"అక్కా, మీ ఇల్లు అమృతమ్మ ఇంటికెదురుగనే ఉన్నది. వాడు బయటుంటే, నువ్వు చూసినవని వానికెరుకే కదా. వీపే చూసినవని వానికెవరు చెప్పాలె?"

శైలజ చెంగు భుజాల చుట్టూ లాక్కుంది.

"కోర్టుల అందరి ముందట చెప్తగా. వాడూ ఇంటడు," అని, ఒక్కతే తార్నాక దారి పట్టింది.