వీధి గుమ్మం

వీధి తలుపుకున్న ఇత్తడి గొళ్ళేన్ని చింతపండుతో తోముతుంటే వెనక నుంచి మా ఆయన అన్నారు, "ఇంకాస్త మెరవాలి సరోజా. పేపరు వాళ్ళు కూడా వస్తారు."

మా బందరులో ఈ ఏడు పాత కట్టడాల పండగ పెట్టారు. శని, ఆదివారాలు ఊళ్ళో పేరున్న పాత భవనాలన్నీ తలుపులు తెరిచి ఉంచుతారు, ఎవరైనా వచ్చి చూడొచ్చు. అందులో మా మేడ కూడా ఉంది. మా మావగారి తండ్రి కట్టించింది. ఆ కబురు తెలిసినప్పుడు నాకు ఎంత సంబరమేసిందో! నేనూ అందరితో పాటు వరసలో నిలబడి చూస్తానన్నాను. మా ఆయన, ప్లీడరు కాంతారావు గారు, పకపకా నవ్వారు. "నువ్వు చూడ్డానికేముంది? రోజూ చూసే కొంపేగా. టీల సంగతి చూసుకో, ఊరంతా వస్తుంది."

రోజూ చూస్తున్నానట. ముదినేపల్లి నుంచి కోడలిగా వచ్చి ఈ గుమ్మంలో కుడికాలు పెట్టిన రోజు నా తల వంచే ఉంది. ఆ తర్వాత నాకు సందు తలుపే దారి. "వీధి వైపు క్లయింట్లు కూర్చునుంటారమ్మా, మన ఆడవాళ్ళం సందులోంచే" అన్నారు మా అత్తగారు. ఆవిడ పోయారు, క్లయింట్లు కోర్టు దగ్గరి ఆఫీసుకు మారిపోయారు, నేను మాత్రం కూరల సంచీతో సందులోంచే వస్తున్నాను. వీధిలోంచి రావద్దని ఇప్పుడు ఎవరూ అనరు. రమ్మనీ అనలేదు. ఏ కిటికీ తుఫాను వానకి కారుతుందో, ఏ మూల చెదలు పడుతుందో నాకు తెలిసినంత ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు. వంగి ఊడ్చాను, వంగి తుడిచాను. తలెత్తింది బూజు దులపడానికే.

శనివారం పొద్దున్నే జనం మొదలయ్యారు. టీ గిన్నె ముందు చెమటలు కక్కుతుంటే హాల్లోంచి ఎవరో ఆడమనిషి గొంతు వినిపించింది. "అబ్బ! ఎంత బాగుందో!" ఆ మాటకి నాకు ఒళ్ళు మండింది. అసూయే, దాచుకోవడమెందుకు? నా ఇంటిని నాకంటే ముందు ఎవరో కళ్ళారా చూసేస్తున్నారు. స్టవ్ కట్టేసి, చేతులు కొంగుకి తుడుచుకుని, సందులోంచి బయటికెళ్ళి, చుట్టూ తిరిగొచ్చి వీధిలో వరస చివర నిలబడ్డాను.

నా ముందున్నావిడ పామర్రు నుంచి వచ్చిందట. "మీరూ మొదటిసారేనా అండీ?" అని అడిగింది.

"మొదటిసారేనండీ" అన్నాను. అబద్ధమాడినట్టు అనిపించలేదు.

గుమ్మం దగ్గర ఐశ్వర్య అనే కాలేజీ అమ్మాయి అందరికీ వివరిస్తోంది. "ఇక్కడ ఒక్క నిమిషం ఆగి సూటిగా చూడండి."

చూశాను. గుమ్మం వెనక గుమ్మం, దాని వెనక ఇంకో గుమ్మం, చివరిదాంట్లో పెరట్లోని కొబ్బరిచెట్టు. వెనక నుంచి గాలి నా జుట్టు ఎగరేసుకుంటూ లోపలికి పోయింది.

"సముద్రపు గాలి ఇటు నుంచి అటు పోవడానికి గుమ్మాలన్నీ ఒకే వరసలో పెట్టారండీ. పొగ రాకుండా వంటింటిని మాత్రం పక్కకి తప్పించారు."

ఎంత తెలివిగా కట్టించాడు మహానుభావుడు! నిజంగానే చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది. ఇంట్లో అందరికీ గాలి ఇచ్చాడు, పొయ్యి దగ్గర నిలబడేవాళ్ళకి తప్ప. ఆ కోపంతోనే లోపలికి నడిచాను, కానీ కోపం ఎంతోసేపు నిలవలేదు. నేను రోజూ తుడిచే ఎర్రగచ్చు దూరం నుంచి చూస్తే నీళ్ళు నిలిచినట్టు మెరుస్తోంది. టేకు స్తంభాల మీద చిలకలున్నాయి, ఒక్కోటి ఒక్కో వైపు చూస్తోంది. మెట్లెక్కితే రంగుటద్దాల ఎండ వచ్చినవాళ్ళ బట్టల మీదా నా చేతుల మీదా పడింది. ఇంత అందమైన ఇంట్లోనా నేను ఇన్నాళ్ళూ ఉన్నది? ఏడుపొచ్చింది. సంతోషమే ఎక్కువ అందులో.

కిందికి దిగేసరికి మా ఆయన వాళ్ళ తాతగారి గొప్పలు చెబుతూ నన్ను చూసి మధ్యలో ఆగిపోయారు. దగ్గరికొచ్చి గొంతు తగ్గించారు. "ఇక్కడేం చేస్తున్నావ్? టీ ఏదీ?"

పామర్రు ఆవిడ వినేసింది. "అయ్యో, ఇది మీ ఇల్లేనా అండీ! అయితే ఆ వంటిల్లు కూడా చూపించండి, చూసి పోతాం."

"దాందేముందమ్మా, చూపిస్తుంది. టీ కూడా తాగి వెళ్ళండి" అన్నారాయన హాయిగా.

అందరూ నా వైపు తిరిగారు. ఎప్పట్లా తల ఊపబోయి ఆగాను.

"వంటిల్లు ఇవాళ మూసేశానండీ" అన్నాను. "ఐశ్వర్యా, తర్వాతి భవనానికి ఎటు వెళ్ళాలమ్మా?"