ఊకొట్టేవాడి కుర్చీ

రోడ్డు మీది మట్టిని పక్కకు నెట్టి క్లీటస్ గ్రేడర్ బండి ఆపాడు. ఊపిరి అందడం లేదు. ఈ మధ్య బండి బాగానే ఉంటోంది, తనకే మాటిమాటికీ ఆగవలసి వస్తోంది. అమెరికాలో లకోటా తెగవాళ్లు ఉండే రిజర్వేషన్‌లోని మట్టిరోడ్లు చదును చేయడం అతని ఉద్యోగం. ఇవాళ చేసిన రోడ్డు రేపటి వానకు గతుకులు పడుతుంది, మళ్లీ చేస్తాడు. పొట్టి మనిషి, లావుపాటి నడుము, వీపు మీద నెరిసిన సన్నటి జడ, ఎండకు తోలులా ముదిరిన మెడ. ఇంజను రొదకు ఎడమచెవి ఏనాడో మొద్దుబారింది. పెళ్లి ఫోటోల్లో వెతికితే వెనక వరసలో సగం ముఖం కనిపించే రకం.

మలుపులో ఇనుప పలక ఉంది. బూడిదవాగు పోరు గురించి సైన్యం చెప్పిన మాట అది. ఆనాడు దండు నడిపిన కెప్టెన్ పైవాళ్లకు రాసి పంపినదాన్నే పోతపోసి నిలబెట్టారు. శత్రువులు, అంటే మావాళ్లు, గాయపడ్డవాళ్లను వదిలేసి, రాత్రి చీకట్లో వాగు దాటి పారిపోయారట. ఆ పలక చుట్టూ పెరిగిన గడ్డి చెక్కడం కూడా క్లీటస్ ఉద్యోగంలో భాగమే. ఇవాళా చెక్కాడు.

వాగు ఒడ్డున చెప్పుకునే కథ వేరు. ఆ రాత్రి ఎవరూ కదలలేదు. తూటా తగిలిన ముసలమ్మను చీకట్లో కదిపితే ప్రాణం పోతుందని మొండివిల్లు అనే కుర్రాడు ఆమె పక్కనే కూర్చున్నాడు. ఎర్రదుప్పటి అనే అతను తన గుర్రాన్ని తెచ్చి ఇచ్చాడు. పొద్దు పొడిచాక, సిపాయిలు చూస్తుండగానే, ఆమెను గుర్రం మీద కూర్చోబెట్టి నింపాదిగా వాగు దాటించారు. మొండివిల్లు మనవడు ఆర్లిన్ ఏటా ఆ పోరు జరిగిన రోజున ఊరందరి ముందూ ఈ కథ చెబుతాడు. ఎర్రదుప్పటి మనవడైన క్లీటస్ పక్కన కూర్చుని ఊకొడతాడు.

ఇది నిద్ర ఆపుకోవడానికి పిల్లలు కొట్టే ఊ కాదు. మా లకోటాల్లో పోరులో తానేం చేశాడో చెప్పుకునేవాడి పక్కన, దాన్ని కళ్లారా చూసినవాడు ఒకడు ఉండాలి. చెప్పింది నిజమైతే "హౌ" అంటాడు. కాకపోతే నోరు విప్పడు. చెప్పేవాడు వెనక్కి వెళ్లి సరిచేసుకోవాలి, అంతవరకూ కథ కదలదు. చూసినవాళ్లు పోయాక ఆ పని వాళ్ల ఇంటివాళ్లకు వచ్చింది. క్లీటస్ తన జీవితం మొత్తంలో జనం ముందు పలికింది ఆ ఒక్క మాటే.

ఇవాళే ఆ పోరు రోజు. ఈ ఏడు ఊకొట్టేవాడి కుర్చీలో తమ్ముడి కూతురు మార్లిస్ కూర్చుంటుంది. గుండె ఇక ఎంతోకాలం లాగదని డాక్టరు చెప్పిన రోజే క్లీటస్ ఈ నిర్ణయానికి వచ్చాడు. ఇంట్లో కథంతా నోటికి వచ్చింది ఆ పిల్ల ఒక్కతెకే. కానీ బడిలో వంట చేసే మార్లిస్‌కు ఎవరినీ కాదనడం చేతకాదు. అడిగినవాళ్లకు తన కారు ఇచ్చేసి పనికి నడిచి వెళుతుంది. అవుననడం ఎవరైనా అంటారు. తప్పు వచ్చినచోట, అంతమంది మధ్య, పెద్దాయన పక్కన నోరు మూసుకుని కూర్చోగలదా? ఆర్లిన్‌కు మతిమరుపు మొదలైంది. అతను తప్పి, ఈమె సరేనంటే ఇక ఆ తప్పే కథైపోతుంది. ఆ దిగులుతో క్లీటస్‌కు తిండి సయించడం లేదు.

వాగు దగ్గరికి చేరేసరికి పొయ్యిల మీద మాంసం ఉడుకుతోంది. ఆడవాళ్లు నూనెలో రొట్టెలు వేయిస్తున్నారు. క్లీటస్ తన మడతకుర్చీ తెచ్చి ఎప్పుడూ వేసే చోటే వేశాడు. దాని ముందుకాలు ఒకటి పొట్టి. ఏటా దాని కింద పెట్టే చప్పటి రాయిని గడ్డిలో వెతికి పట్టుకుని కాలికింద సర్దాడు.

"వచ్చాడండీ రోడ్ల దొర!" అన్నాడు ఆర్లిన్ గుడారం నీడలోంచి. అతను క్లీటస్ అక్క మొగుడు. "ఏం బామ్మర్దీ, నీ రోడ్డు మీద వస్తుంటే నా కట్టుడుపళ్లు ఎగిరి జేబులో పడ్డాయి."

"అక్కడే ఉంచు బావా. పెట్టుకున్నావంటే మిగతావాళ్లకి మాంసం మిగల్దు."

"ఇన్నేళ్లూ ఊరికే కూర్చుని ఊకొట్టావు. దానికే అలిసిపోయి పిల్లని తోస్తున్నావా?"

"నీ వాగుడు పక్కనుండి వినేవాడికి తెలుస్తుంది ఆ అలుపు."

మార్లిస్ కొత్త శాలువా కప్పుకుని వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది.

"పెదనాన్నా, మామయ్య ఎక్కడైనా తప్పితే? ఆయన మొహం చూస్తూ ఎట్లా ఊరుకోను?"

"మొహం చూడకు. వాగుకేసి చూడు. జరిగింది అక్కడే కదా."

ఆమెను కూర్చోబెట్టి క్లీటస్ దూరంగా వెళ్లాడు. గ్రేడర్ మెట్టు మీద కూర్చుని కుడిచెవి అటు తిప్పాడు.

ఆర్లిన్ గొంతు బాగానే ఉంది. తెల్లవారుజామున కుక్కలు మొరిగాయన్నాడు. మార్లిస్ "హఁ" అంది. ఆడవాళ్ల అవును అది. ముసలమ్మకు తూటా తగిలిందన్నాడు. "హఁ." ఎర్రదుప్పటి తన గుర్రాన్ని తెచ్చాడన్నాడు. "హఁ."

"ఆ రాత్రి చీకట్లోనే ఆమెని ఎక్కించుకుని వాగు దాటారు," అన్నాడు ఆర్లిన్.

క్లీటస్ మెట్టు మీంచి లేచాడు. అది పలక మీది చీకటి. రోజూ దాని ముందునుంచే కదా ఈ ముసలాడు పోస్టాఫీసుకు వెళ్లేది!

మార్లిస్ మాట్లాడలేదు. ఆర్లిన్ ఆమె వైపు తిరిగాడు.

"చీకట్లో దాటారన్నాను," అన్నాడు మళ్లీ, కాస్త గట్టిగా.

ఆమె వాగునే చూస్తోంది. ఎవరో దగ్గారు. "పాపం పెద్దాయన, అనెయ్యమ్మా," అని వెనకనుంచి ఒకావిడ గొణిగింది. మార్లిస్ చెవులు ఎర్రబడ్డాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి. నోరు మాత్రం తెరవలేదు.

ఆర్లిన్ టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. అతనూ వాగుకేసి చూశాడు.

"కాదు. చీకటి కాదు. పొద్దు పొడిచింది. సిపాయిలు చూస్తూనే ఉన్నారు. అప్పుడు దాటారు."

"హఁ," అంది మార్లిస్.

క్లీటస్‌కు ఒక్కసారిగా నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. గుండెల మీది బరువు దిగిపోయింది. హాయిగా ఉంది. వెంటనే ఆకలి కూడా వేసింది.

తర్వాత ఆర్లిన్ రొట్టె, మాంసం పట్టుకుని అతన్ని వెతుక్కుంటూ వచ్చాడు.

"కావాలనే తప్పానోయ్. పిల్లని పరీక్షిద్దామని."

"అవును బావా. నేనూ రోడ్ల మీద గుంతలు కావాలనే వదిలేస్తుంటాను."

ఇద్దరూ పొలమారేదాకా నవ్వారు. మార్లిస్ వచ్చి నిలబడితే క్లీటస్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"నాకంటే బాగా ఊరుకున్నావమ్మా," అన్నాడు.

పొద్దు వాలకముందే గ్రేడర్ తోలుకుంటూ ఇంటికి వెళ్లాడు. బూట్లు విప్పి మంచం మీద వాలి, రొట్టెలు బాగున్నాయని భార్యకు చెప్పాడు. మర్నాడు కాఫీకి లేపితే లేవలేదు.

సమాధి దగ్గర ఆర్లిన్ మాట్లాడాడు. "మా బామ్మర్ది చేసిన రోడ్డు ఒక్కటీ బాగాలేదు," అన్నాడు. మార్లిస్ నోరు విప్పలేదు. ఏడుస్తున్నవాళ్లంతా నవ్వారు. ఆర్లిన్ తలూపి, గొంతు సవరించుకున్నాడు.

"మా బామ్మర్ది ఏనాడూ అబద్ధానికి ఊకొట్టలేదు."

"హఁ," అంది మార్లిస్.

ఆ సాయంత్రం ఆమె వాగు దగ్గరికి వెళ్లి కుర్చీ మడిచి ఇంటికి తెచ్చుకుంది. దాని కాలికింది చప్పటి రాయి మాత్రం, నడుమ కాస్త అరిగి, వచ్చే ఏటికోసం అక్కడే గడ్డిలో ఉంది.