పెట్టలేవి, పుంజులేవి

డిచ్‌పల్లి కుష్ఠు దవాఖానాలో మూడేళ్లు ఉండి, పెద్దరోగం పూర్తిగా నయమైందని డాక్టరు రాసిచ్చిన కాగితంతో సాయవ్వ 1963లో తమ్ముడి ఇంటికి వచ్చింది. బోధన్ దగ్గర పల్లె. ఆమె భర్త అప్పటికే వేరే పెండ్లి చేసుకున్నాడు. తమ్ముడు భూమన్న ఫ్యాక్టరీకి చెరకు బండి తోలేవాడు. అక్కను కాదనలేదు. పెరట్లో కొట్టం పక్క గదిని బాగుచేసి ఇచ్చాడు. అతని భార్య రేణుకమ్మ వేళకు అన్నం తెచ్చి గడప దగ్గర పెట్టి, నాలుగడుగులు వెనక్కి జరిగి మాట్లాడేది. మాటలో లోటు లేదు. చేయి మాత్రం తగలనిచ్చేది కాదు. సాయవ్వ కూడా ఎవరి దగ్గరికీ పోయేది కాదు.

రేణుకమ్మకు పదకొండు కోడిపిల్లలున్నాయి, రెండున్నర నెలలవి. పుంజులను అంగడికి పంపి, పెట్టలను గుడ్లకు ఉంచుకోవాలని ఆమె ఆలోచన. కిందటిసారి తెలియక పెట్టలనే అమ్మేసింది. సాయవ్వ పెండ్లికి ముందు వాడకట్టంతా ఆమెకే కోడిపిల్లలను చూపించుకునేదని భూమన్న చెప్పాడు. ఒక పొద్దున రేణుకమ్మ వాకిట్లో నూకలు చల్లి, ఏవి పెట్టలో ఏవి పుంజులో చెప్పమని దూరంగా నిలబడే అడిగింది.

సాయవ్వ గడపలో కూర్చుని చాలాసేపు చూసింది. నెత్తిమీది జుట్టు పెరిగి ఎర్రబడి, కాళ్లు లావుగా ఉన్న నాలుగూ పుంజులంది. జుట్టు ఇంకా చిన్నగా, పాలిపోయి ఉన్న ఆరూ పెట్టలంది. బూడిదరంగు పిల్ల దగ్గర ఆగిపోయింది.

"గది తేలుతలేదు. తోక మొదట్ల ఈకలు సూడాలె. కొసలు సూదిగుంటే పుంజు, గుండ్రంగుంటే పెట్ట. నువ్వే పట్టుకొని సూడు రేణుకా."

పిల్ల గింజుకుంది. ఒక చేత్తో దాన్ని పట్టి, ఇంకో చేత్తో ఈకలు విప్పడం రేణుకమ్మకు చేతకాలేదు. రెండుసార్లు ప్రయత్నించి, చివరికి గడప దాకా వచ్చి దాన్ని సాయవ్వ చేతుల్లో పెట్టింది. పట్టుకోవాలో వద్దో తెలియనట్టు సాయవ్వ ఆమె మొహంలోకి చూసింది. తర్వాత ఈకలు విప్పి, పెట్టేనని చెప్పింది.

అప్పటికే పిల్ల గోరు ఆమె వేలిని చీరింది. నెత్తురు చీరమీద పడుతున్నా ఆమెకు తెలియలేదు.

"వదినె, నెత్తురు."

సాయవ్వ వేలు చూసుకుంది. "ఈ చేతులకు కాలినా తెల్వది, కోసుకున్నా తెల్వది. రోగం పోయింది గని తిమ్మిరి పోలే."

రేణుకమ్మ పిల్లను గంప కింద మూసి, చెంబుతో నీళ్లు తెచ్చింది. గడప దగ్గర పెట్టబోయి, పెట్టలేదు. సాయవ్వ చేతిని తన చేతిలోకి తీసుకుని కడిగి, పసుపు అద్ది, పేలికతో కట్టింది. దవాఖానా వాళ్లు తప్ప మూడేళ్లుగా ఆమెను ముట్టుకున్నవాళ్లు లేరు. సాయవ్వ తల వంచుకుని కూర్చుంది.

ఆ వారం నాలుగు పుంజులూ అంగడికి పోయాయి. ఇంకో నెలకు బూడిదరంగుది కూత పెట్టింది; అది పెట్ట కాదు, పుంజే. తన కండ్లు కూడా పనికిరాకుండా పోయినయని సాయవ్వ చిన్నబోయింది. పదకొండిట్లో ఒకటి ఎవరికైనా తప్పుతుందని రేణుకమ్మ అంది. వదినెను వంటింట్లోకి పిలిచి, పీట వేసి, వేడి కుండలు మాత్రం ముట్టుకోవద్దని చెప్పి, ఒలవమని చాటలో చిక్కుడుకాయలు పోసింది.