యాభై ఒక్క వంతుల కుర్చీ

"కాఫీ పెట్టాక టాయిలెట్ కూడా ఓసారి తుడిచెయ్యి బెర్నీ. వచ్చేది ఆడమనిషి. ఆడవాళ్లు ముందు చూసేది అదే," అన్నాడు మామగారు కాసిమిర్. తన కుర్చీ వైపు గడ్డంతో చూపించి, "అదయ్యాక వచ్చి ఇందులో కూర్చో. ఓనర్‌లా కనపడాలిగా!" అని నవ్వాడు.

బెర్నడెట్‌కు నవ్వు రాలేదు. ఇరవై రెండేళ్లుగా ఆ టాయిలెట్ తుడుస్తున్నది తనే. ఎనిమిదేళ్లుగా ఆ లేత్ షాపు ఓనరూ తనే, కాగితాల మీద. సముద్రం ఒడ్డున జలాంతర్గాములు కట్టే యార్డు ఆర్డర్లు తగ్గించినప్పుడల్లా ఇక్కడ నాగటక్ నది లోయలో ఒక్కో షాపుకు తాళం పడుతుంది. ఈ నది పక్కనే అలా మూడు పోయాయి. యార్డు తన పనిలో కొంత ఆడవాళ్ల షాపులకు ఇవ్వాలని ప్రభుత్వం అనగానే ముసలాయనకు కోడలు గుర్తొచ్చింది. లాయరు దగ్గరికి తీసుకెళ్లి నూటికి యాభై ఒక్క వంతులు ఆమె పేర రాయించాడు. ఆ ఆదివారం ఆమె క్యాబేజీ చుట్టలు వడ్డిస్తుంటే, "ఓనరమ్మా, సాస్ ఏదీ?" అన్నాడు. బల్ల చుట్టూ అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది ఆమె మొగుడు రే.

యార్డుకు వెళ్లే ప్రతి ముక్కనూ కొలిచేది ఆమె. కొలత కుదరనిదానికి పనికిరాదని ఎర్ర చీటీ కడుతుంది. జీతం లేదు. "ఇంటి మనిషికి జీతమేంటి?" అని అత్తగారు ఏనాడో తేల్చేసింది. నిన్న నలభై కంచు ఉంగరాలకు ఎర్ర చీటీలు కట్టింది. జలాంతర్గామి కవాటాల్లోంచి నీళ్లు చొరబడకుండా బిగించే ఉంగరాలవి. పొద్దున వచ్చి చూస్తే చీటీలు చెత్తబుట్టలో ఉన్నాయి, ఉంగరాలు యార్డుకు పంపే పెట్టెలో ఉన్నాయి.

"వెంట్రుకలో సగం తేడా! దానికింత రాద్ధాంతమా? గడువు ఈ రోజే," అన్నాడు కాసిమిర్.

"డాడ్ మాట విను," అన్నాడు రే. ఇరవై రెండేళ్ల కాపురంలో రే ఆమెతో ఎక్కువసార్లు అన్న మాట అదే. ఆ ఉంగరాల్ని నమ్ముకుని నూటముప్పై మంది సముద్రం అడుగున నిద్రపోతారని ఆమె చెప్పబోయింది. అప్పటికే ఇద్దరూ అటు తిరిగిపోయారు.

పది గంటలకు ప్రభుత్వం తరఫున తనిఖీకి మిస్ ప్రూట్ వచ్చింది. ఈ షాపు నిజంగా ఆడమనిషిదేనా అని చూడడం ఆవిడ పని. ఏం అడిగితే ఏం చెప్పాలో రే అట్టముక్కల మీద రాసిచ్చాడు. అవి సొరుగులో ఉన్నాయి. మామగారి కుర్చీలో కూర్చున్న బెర్నడెట్ సొరుగు తియ్యలేదు.

"పనివాళ్లను తీసుకునేది ఎవరండీ?"

"నేనే." అది నిజం. వచ్చినవాళ్లతో కూర్చుని మాట్లాడే ఓపిక ఆ ఇద్దరికీ ఎప్పుడూ లేదు.

"యార్డుకు ధరలు రాసి పంపేది?"

"నేనే." అదీ నిజమే. భోజనాల బల్ల మీద, గిన్నెలు తోమాక.

చెబుతున్నకొద్దీ ఆమెకే ఆశ్చర్యంగా ఉంది. తను ఓనరనేది ఇంటిల్లిపాదీ కలిసి ఆడుతున్న అబద్ధమనుకుంది ఇన్నాళ్లూ. తీరా చూస్తే ఒక్కటీ అబద్ధం కాదు.

"సరుకు బాగాలేకపోతే ఆపేసే అధికారం ఎవరిది?"

తలుపు దగ్గర కాసిమిర్ నిలబడి ఉన్నాడు. కిటికీ దగ్గర రే.

"నాదే," అంది బెర్నడెట్. ఆ రోజు ఆమె చెప్పిన ఒకే ఒక్క అబద్ధం అది.

మిస్ ప్రూట్ అది రాసుకుని, సంతకం చేయించుకుని వెళ్లిపోయింది. కారు మలుపు తిరగగానే కాసిమిర్ చప్పట్లు కొట్టాడు. "అబ్బో, ఏం నటించావమ్మా! ఇక లే, నా నడుము పట్టేసింది."

బెర్నడెట్ లేవలేదు.

"రే, ఆ పెట్టె విప్పు. నలభై ఉంగరాలూ బయటికి తియ్యి. అవి వెళ్లవు."

"డాడ్ చెప్పారు కదా..."

"ఆర్డరు పోతుందే పిచ్చిదానా!" కాసిమిర్ మొహం ఎర్రబడింది. "షాపుకు తాళం వేసుకోవాల్సొస్తుంది!"

"వేద్దాం డాడ్. రోజూ తాళం తీసేదీ వేసేదీ నేనేగా."

రే తండ్రి వైపు చూశాడు, పెళ్లాం వైపు చూశాడు, చివరికి స్క్రూడ్రైవర్ కోసం వెతుక్కున్నాడు. ఆమె చెత్తబుట్టలోంచి ఎర్ర చీటీలు ఏరి, ఒక్కొక్కటే బల్ల మీద సాపు చేసింది.

"రే," అంది తల ఎత్తకుండానే. "అదయ్యాక టాయిలెట్ కూడా ఓసారి తుడిచెయ్యి."