కోట గుమ్మంలో బాపు

సూరత్ కోట రాళ్లు తెల్లగా మెరవాలి, నీడలు కాటుకలా రావాలి. నరహరికి అదే పిచ్చి. నలుపు తెలుపు రీలు వేసి, గోడ మీది ఎండకే కెమెరా సరిచేసుకున్నాడు. బట్ట నేసే సాంచాల కార్ఖానాలో పని దిగి నేరుగా వచ్చిన తండ్రి కనకయ్యను గుమ్మం నీడలో నిలబెట్టి, "కదలకు బాపూ" అన్నాడు.

రీలు కడిగించేసరికి కనకయ్య పోయి తొమ్మిది రోజులు. దినాలకు పెట్టడానికి మరో ఫోటో లేదు. ఇందులో కోట వెలిగిపోతోంది, గుమ్మంలో మాత్రం మనిషి లేడు. అంతా నలుపే.

"సరిగ రాలేదమ్మా" అంటూ దాచబోయాడు. తల్లి కొమురవ్వ లాక్కుని, కళ్ల దగ్గర పెట్టుకుని చూసింది. ఆ నలుపులో మిణుకుమంటున్న నాలుగు తెల్లచుక్కల మీద వేలు ఆనించింది.

"గిది నెత్తిల దూది గదరా. జర దులుపుకోనన్న దులుపుకోనియ్యకపోతివి."